టెక్సస్‌లో ఫెలొనీ కేసు: నేరం ఏ మెట్టు మీద పడుతుంది, ఎందుకు?

డాలస్ దగ్గర మెకిన్నీలో కాలిన్ కౌంటీ కోర్టు. బెంచీల మీద అరవై మంది దాకా ఉన్నాం, అందరి చేతుల్లో నంబరు రాసిన అట్టముక్కలు. జ్యూరీ ఎంపిక జరుగుతోంది, అంటే కేసు విని తీర్పు చెప్పే పన్నెండు మంది మామూలు మనుషుల్ని మాలోంచి ఏరుకుంటున్నారు. డిఫెన్స్ లాయరు ముందు వరుసకి దగ్గరగా నిలబడి, ఒక్కొక్కరి నంబరూ పిలుస్తూ అదే ప్రశ్న అడుగుతున్నాడు. "ఈ నేరానికి శిక్ష 5 ఏళ్ల నుంచి 99 ఏళ్ల దాకా, లేదంటే యావజ్జీవం. నేరం రుజువైందనే అనుకోండి. మీరు 5 ఏళ్లతో సరిపెట్టగలరా? 99 ఏళ్లు వెయ్యగలరా? అసలు జైలుకే పంపకుండా ప్రొబేషన్ ఇవ్వడం గురించి ఆలోచించగలరా?" నా పక్కనున్న పెద్దావిడ 5 ఏళ్లంటే తన వల్ల కాదంది. వెనక వరుసలో ఒకాయన 99 అనడానికి తనకి నోరు రాదన్నాడు. నా నంబరు పిలిచేసరికి గొంతు తడారిపోయింది.

నేను పిడుగురాళ్ల దగ్గర పుట్టి పెరిగినవాణ్ణి. శిక్ష వేసేది జడ్జిగారు, మనం మర్నాడు పేపర్లో చదువుకుంటాం. అప్పటిదాకా నాకు తెలిసిన కోర్టు అదే. ఒకే నేరానికి 5 ఏళ్లూ న్యాయమే, 99 ఏళ్లూ న్యాయమే అని చట్టం ఎలా అంటుంది? ఆ రోజు నన్ను జ్యూరీలోకి తీసుకోలేదు. ఆ ప్రశ్న మాత్రం వదల్లేదు. అప్పట్నుంచి టెక్సస్ పీనల్ కోడ్ చదవడం అలవాటైంది. నేను లాయర్ని కాను. కానీ ఫ్రిస్కో, ఇర్వింగ్, ప్లేనో చుట్టుపక్కల మనవాళ్లు ఇంతమంది ఉన్నాం. ఎవరికైనా కష్టమొచ్చి అర్ధరాత్రి ఫోన్ చేస్తే ముందు అడిగేది "ఫెలొనీ అంటున్నారు, అంటే ఏంటి?" అనే. టెన్షన్‌లో ఉన్న మనిషికి అప్పటికప్పుడు చెప్పగలిగే సంగతి కాదది. తీరిగ్గా ఉన్నప్పుడే తెలుసుకుని ఉండాలి.

నేరం ఒక చోట, శిక్ష ఇంకో చోట

మన దేశంలో చట్టం చదవడం ఒక విధంగా సులువు. ఐపీసీ స్థానంలో 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహిత తీసుకున్నా అంతే, ఏ నేరానికి ఎంత శిక్షో అక్కడికక్కడే ఉంటుంది. దొంగతనం 303వ సెక్షన్, మూడేళ్ల దాకా జైలు. హత్య 103వ సెక్షన్, ఉరి లేదా యావజ్జీవం. అందుకే మన ఊళ్లలో "వాడి మీద త్రీనాట్‌టూ పెట్టారు" అని ఐపీసీ నంబరు చెప్తే చాలు, శిక్ష కూడా చెప్పినట్టే అయ్యేది.

టెక్సస్‌లో రెండు చోట్ల చూడాలి. నేరం గురించి చెప్పే సెక్షన్ "ఇది సెకండ్ డిగ్రీ ఫెలొనీ" అని మాత్రం చెప్పి ఆగిపోతుంది. సెకండ్ డిగ్రీ అంటే ఎన్నేళ్లో పీనల్ కోడ్ 12వ అధ్యాయంలో ఉంటుంది. ఆ అధ్యాయం ఒక నిచ్చెన లాంటిది. రాష్ట్రంలో ఉన్న వందల నేరాల్లో ప్రతిదాన్నీ తెచ్చి ఆ నిచ్చెన మీద ఏదో ఒక మెట్టు దగ్గర పెడతారు.

కింది మెట్లు మూడు, చిన్న నేరాలవి. వాటిని మిస్‌డెమీనర్ అంటారు. క్లాస్ సి అయితే 500 డాలర్ల దాకా జరిమానా, జైలు లేదు. క్లాస్ బి అయితే 180 రోజుల దాకా, క్లాస్ ఎ అయితే ఏడాది దాకా కౌంటీ జైలు. ఆ పైన మొదలయ్యే పెద్ద నేరాలే ఫెలొనీలు, అయిదు మెట్లు. అడుగున స్టేట్ జైల్ ఫెలొనీ, 180 రోజుల నుంచి 2 ఏళ్లు. తర్వాత థర్డ్ డిగ్రీ, 2 నుంచి 10 ఏళ్లు. సెకండ్ డిగ్రీ 2 నుంచి 20 ఏళ్లు. ఫస్ట్ డిగ్రీ 5 నుంచి 99 ఏళ్లు లేదా యావజ్జీవం. ఈ నాలుగింటికీ జైలుతోపాటు 10,000 డాలర్ల దాకా జరిమానా వేయొచ్చు. అన్నిటికన్నా పైన క్యాపిటల్ ఫెలొనీ. మరణశిక్ష, లేదా పెరోల్ (శిక్ష పూర్తికాకముందే షరతుల మీద విడుదల) లేని యావజ్జీవం. మధ్యస్తం లేదు.

ఆ అడుగు మెట్టు గురించి కొంచెం చెప్పాలి. స్టేట్ జైల్ ఫెలొనీ అనేది మొదట్నుంచీ లేదు. 1990ల మొదట్లో టెక్సస్ జైళ్లు పట్టనంతగా నిండిపోయాయి. చిన్న మొత్తాల దొంగతనం, చిటికెడు డ్రగ్స్ కేసుల్లో వచ్చేవాళ్లని పెద్ద జైళ్లలో కలపకుండా విడిగా ఉంచాలని 1993లో శాసనసభ ఈ మెట్టు తెచ్చింది. ఉద్దేశం మంచిదే. కానీ ఈ మెట్టు మీద పెరోల్ లేదు. ఏడాది శిక్ష పడితే దాదాపు ఏడాదీ ఉండాల్సిందే, బాగా నడుచుకుని చదువులోనో పనిలోనో పాల్గొంటే అయిదో వంతు దాకా తగ్గొచ్చు, అంతే. పై మెట్టు ఖైదీకి పెరోల్ ఆశ ఉండి, అడుగు మెట్టువాడికి లేకపోవడం నాకిప్పటికీ మింగుడుపడని విషయం. ఇంకో పక్క 12.44 అనే సెక్షన్ కింద ఇదే మెట్టు కేసుని క్లాస్ ఎ మిస్‌డెమీనర్‌గా తగ్గించే వీలుంది. లాయర్ల నోట "ట్వెల్వ్ ఫార్టీఫోర్" అనే మాట వినిపిస్తే ఇదే. అందులో ఎ, బి అని రెండున్నాయి. ఎ కింద శిక్ష మిస్‌డెమీనర్‌ది, రికార్డు మాత్రం ఫెలొనీదే. బి కింద రికార్డు కూడా మిస్‌డెమీనర్ అవుతుంది. ఆ ఒక్క అక్షరానికి జీవితాంతం తేడా ఉంటుంది.

డాలర్ల లెక్క

దొంగతనం తీసుకుందాం, నిచ్చెన అన్నిటికన్నా స్పష్టంగా కనిపించేది ఇక్కడే. 100 డాలర్ల లోపు వస్తువైతే క్లాస్ సి. 100 నుంచి 750 లోపు క్లాస్ బి. 750 నుంచి 2,500 లోపు క్లాస్ ఎ. 2,500 దాటితే ఫెలొనీలోకి అడుగుపెట్టినట్టే, 30,000 దాకా స్టేట్ జైల్. 1,50,000 దాకా థర్డ్ డిగ్రీ, 3,00,000 దాకా సెకండ్, ఆ పైన ఫస్ట్ డిగ్రీ. 2015 సెప్టెంబరు దాకా ఫెలొనీ గీత 1,500 డాలర్ల దగ్గరే ఉండేది. ధరలు పెరిగాయి కదా అని ఆ ఏడాది గీతలన్నీ జరిపారు. మన న్యాయ సంహితలో కూడా 5,000 రూపాయల లోపు దొంగతనం మొదటిసారి చేసి సొత్తు తిరిగిచ్చేస్తే సమాజ సేవతో సరిపెట్టమని కొత్తగా గీత గీశారు. సొత్తు విలువ చూసి నేరం బరువు తూచడం మనకీ తెలిసిన లెక్కే.

కానీ టెక్సస్ దొంగతనం సెక్షన్‌లో డాలర్లతో పని లేని వాక్యాలు కొన్ని ఉన్నాయి. తుపాకీ దొంగిలిస్తే దాని ధర 200 డాలర్లే అయినా స్టేట్ జైల్ ఫెలొనీ. మనిషి ఒంటి మీద నుంచి, అంటే జేబులోంచో చేతిలోంచో లాక్కుంటే విలువ ఎంతైనా స్టేట్ జైల్ ఫెలొనీ. ఇదివరకు రెండుసార్లు దొంగతనం రుజువై ఉంటే మూడోసారి 20 డాలర్ల వస్తువు తీసినా అదే.

ఇంకో వాక్యం ఉంది, మన పిల్లలు చదవాల్సింది. సొత్తు పోగొట్టుకున్న మనిషికి 65 ఏళ్లు నిండి ఉంటే నేరం ఒక మెట్టు పైకి జరుగుతుంది. ఈ మధ్య అమెరికా అంతటా వినిపిస్తున్న మోసం ఒకటుంది. ఎవరో ప్రభుత్వ అధికారిలా ఫోన్ చేసి ముసలివాళ్లని భయపెడతారు, నగదో బంగారమో డబ్బాలో పెట్టి సిద్ధంగా ఉంచమంటారు. ఆ డబ్బా తీసుకురావడానికి ఒక కుర్రాణ్ణి పంపుతారు. ఆ కుర్రాడు చాలాసార్లు పార్ట్ టైమ్ పని కోసం వెతుక్కుంటున్న స్టూడెంటే. "నేను పార్సిల్ తెచ్చానంతే" అంటాడు. డబ్బాలో 40,000 డాలర్లు ఉన్నాయనుకోండి. మామూలుగా థర్డ్ డిగ్రీ. ఇచ్చినావిడకి 72 ఏళ్లు, కాబట్టి సెకండ్ డిగ్రీ, 20 ఏళ్ల దాకా. అదే ముఠా కోసం నాలుగిళ్లకి వెళ్లి ఉంటే, అదంతా ఒకే పథకం కింద జరిగిందని నాలుగు మొత్తాలూ కలిపి ఒకే కేసు కట్టే అధికారం చట్టంలో ఉంది. 1,60,000 అయ్యింది, వయసు మెట్టు కలిపితే ఫస్ట్ డిగ్రీ. నేరానికి తెలిసి సాయం చేసినవాడు చేసినవాడితో సమానమని ఇంకో సెక్షన్ ఉంది. వాడికి తెలుసా తెలీదా అన్న ఒక్క ప్రశ్న మీదే కేసంతా నడుస్తుంది. ట్రిప్పుకి 500 డాలర్లు ఇచ్చారంటే, పార్సిల్ తేవడానికి అంత ఎందుకిస్తారని వాడికి అనుమానం రాలేదా అని ప్రాసిక్యూటర్ అడుగుతాడు. ఆ ప్రశ్నకి పన్నెండు మందినీ ఒప్పించే జవాబు దొరకడం కష్టం.

తూకం, వయసు, మెడ మీద చెయ్యి

డ్రగ్స్ చట్టంలో లెక్క గ్రాముల్లో ఉంటుంది. కొకైన్, హెరాయిన్ లాంటివి ఒక గ్రాము లోపు దగ్గరున్నా స్టేట్ జైల్ ఫెలొనీ. 1 నుంచి 4 గ్రాముల లోపు థర్డ్ డిగ్రీ, 4 నుంచి 200 లోపు సెకండ్. తూకంలో పడేది మందు ఒక్కటే కాదు, అందులో కలిసినదంతా పడుతుంది. పిండి కలిస్తే పిండి కూడా.

గంజాయి విషయంలో ఇది మరీ విడ్డూరంగా పనిచేస్తుంది. ఆకు రూపంలో రెండు ఔన్సుల లోపు ఉంటే క్లాస్ బి మిస్‌డెమీనర్. రెండు ఔన్సులంటే దాదాపు 56 గ్రాములు. అదే గంజాయి సారం తీసి చేసిన గమ్మీ అయినా, వేప్ కార్ట్రిడ్జ్ అయినా వేరే వర్గం, ఒక గ్రాము లోపు కూడా ఫెలొనీ. గమ్మీలో మత్తు పదార్థం కొన్ని మిల్లీగ్రాములే ఉంటుంది, మిగతాదంతా చక్కెర, జెలటిన్. అయినా తూచేది మొత్తం గమ్మీని. 4 గ్రాములుండే గమ్మీ ఒక్కటి జేబులో ఉంటే కాగితం మీద సెకండ్ డిగ్రీ ఫెలొనీ, 2 నుంచి 20 ఏళ్లు. 2014లో ఆస్టిన్ పక్కన రౌండ్ రాక్‌లో ఒక 19 ఏళ్ల కుర్రాడి దగ్గర గంజాయి కలిపిన బ్రౌనీలు పట్టుకుని, వెన్న, చక్కెర, కోకో అన్నీ కలిపి తూచి మొదట ఫస్ట్ డిగ్రీ కేసు పెట్టారు. దేశమంతా గగ్గోలైంది, తర్వాత మెట్టు తగ్గించారు. చట్టం మాత్రం అలాగే ఉంది. కొలరాడోలో దుకాణంలో బిల్లు ఇచ్చి మరీ అమ్ముతారు కదా, వెకేషన్ నుంచి వస్తూ నాలుగు ప్యాకెట్లు కార్లో వేసుకొస్తే ఏమవుతుందిలే అనుకునేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి. 2019లో టెక్సస్ హెంప్‌ని, అంటే మత్తు తక్కువుండే గంజాయి మొక్కని, అనుమతించింది, అందులో మత్తు పదార్థం 0.3 శాతం మించకూడదు. ప్యాకెట్ మీద హెంప్ అని ఉన్నంత మాత్రాన లోపలిది ఆ గీత దాటలేదని భరోసా లేదు, అది తేల్చేది ల్యాబ్.

తాగి బండి నడపడం సంగతి. మొదటిసారి క్లాస్ బి, రెండోసారి క్లాస్ ఎ, మూడోసారి థర్డ్ డిగ్రీ ఫెలొనీ. మొదటి రెండూ పాతికేళ్ల కిందటివైనా లెక్కలోకొస్తాయి. ఇంతవరకు చాలామందికి తెలుసు. తెలియంది ఇది. కార్లో 15 ఏళ్ల లోపు పిల్లలు ఉంటే మొదటిసారే ఫెలొనీ. ఒక కుటుంబం బర్త్‌డే పార్టీ నుంచి రాత్రి పదకొండుకి తిరిగొస్తోంది. ఆయన రెండు పెగ్గులు వేసుకున్నాడు, దగ్గరే కదా అని స్టీరింగ్ పట్టుకున్నాడు. వెనక కార్ సీట్లో నాలుగేళ్ల పాప నిద్రపోతోంది. యాక్సిడెంట్ కాలేదు, ఎవరికీ గీత కూడా పడలేదు. లైన్ దాటిందని పోలీసు ఆపాడు, రక్తంలో ఆల్కహాల్ 0.08 శాతం దాటింది. వెనక సీటు ఖాళీగా ఉంటే మిస్‌డెమీనర్ అయ్యేది. పాప ఉంది కాబట్టి 2 ఏళ్ల దాకా జైలు పడగల ఫెలొనీ. చట్టం ఆ పాప తరఫున మాట్లాడుతోంది, అందులో నాకు తప్పేం కనిపించదు. కానీ చాలామందికి ఆ సంగతి చేతికి బేడీలు పడ్డాకే తెలుస్తుంది.

ఇంట్లో గొడవలదీ ఇదే దారి. భార్య మీద చెయ్యి చేసుకుని దెబ్బ తగిలితే మొదటిసారి క్లాస్ ఎ. మెడ పట్టుకుని గాని, ముక్కూ నోరూ మూసి గాని ఊపిరి ఆడకుండా చేస్తే థర్డ్ డిగ్రీ ఫెలొనీ. ఎంతసేపు పట్టుకున్నాడు, మచ్చ పడిందా అన్నవి తర్వాతి మాటలు. గొంతు నొక్కే మనిషి తర్వాత ప్రాణం తీసే దాకా వెళ్లే ప్రమాదం ఎక్కువని శాసనసభ దీన్ని విడిగా పైమెట్టు మీద పెట్టింది. సరిగ్గా పెట్టింది. ఇక్కడ మన ఇళ్లలో పెద్దవాళ్లకి అర్థం కానిది ఒకటుంది. మర్నాడు ఆ అమ్మాయిని కూర్చోబెట్టి "కేసు వెనక్కి తీసుకోమ్మా" అంటారు. ఆ కేసు ఆమెది కాదు. టెక్సస్‌లో ప్రతి ఇండైట్‌మెంటూ, అంటే అభియోగ పత్రమూ, "స్టేట్ ఆఫ్ టెక్సస్ పేరిట, దాని అధికారంతో" అని మొదలై, "ఈ రాష్ట్ర శాంతికీ గౌరవానికీ విరుద్ధంగా" అని ముగియాలి. ఫిర్యాది రాష్ట్రమే. ఆమె నాకు కేసు వద్దని అఫిడవిట్ రాసివ్వొచ్చు, నడపాలా ఆపాలా అన్నది ప్రభుత్వం తరఫున కేసు నడిపే డిస్ట్రిక్ట్ అటార్నీ ఇష్టం. ఆమెని బలవంతపెట్టి రాయిస్తే అది ఇంకో నేరం అవుతుంది.

ఒకే ప్రాణం, నాలుగు మెట్లు

మనిషి చనిపోయిన కేసుల్లో మెట్టు తేల్చేది చంపినవాడి మనసులో ఏముందన్నది. తగిన జాగ్రత్త తీసుకోక ప్రాణం పోతే స్టేట్ జైల్ ఫెలొనీ. ప్రమాదమని తెలిసీ లెక్కచేయకపోతే మ్యాన్‌స్లాటర్, సెకండ్ డిగ్రీ. కావాలని చంపితే మర్డర్, ఫస్ట్ డిగ్రీ. పోలీసునో ఫైర్‌మ్యాన్‌నో డ్యూటీలో ఉండగా, దోపిడీ చేస్తూ, డబ్బు తీసుకుని, ఒకేసారి ఇద్దరిని, పదిహేనేళ్ల లోపు పిల్లల్ని చంపితే క్యాపిటల్. టెక్సస్‌లో మరణశిక్ష అమలు చేసేది హంట్స్‌విల్ పట్నంలోని పాత జైల్లో. 1982 నుంచి దేశంలో ఇంకే రాష్ట్రమూ ఇన్ని అమలు చేయలేదు. పన్నెండు మందిలో ఒక్కరు ఒప్పుకోకపోయినా మరణశిక్ష పడదు, పెరోల్ లేని యావజ్జీవం పడుతుంది. పెరోల్ లేని యావజ్జీవం కూడా 2005లో వచ్చిందే. అంతకుముందు 40 ఏళ్ల తర్వాత బయటికొచ్చే వీలుండేది.

మర్డర్ రుజువయ్యాక కూడా ఒక తలుపు తెరిచే ఉంటుంది. చనిపోయినవాళ్లు అప్పటికప్పుడు రెచ్చగొట్టగా, ఆ ఉద్రేకంలో చంపానని నిందితుడు శిక్ష దశలో నిరూపించుకుంటే ఫస్ట్ డిగ్రీ కాస్తా సెకండ్ డిగ్రీ అవుతుంది.

డాలస్‌లో అందరికీ గుర్తుండే కేసు ఒకటి చెప్తాను. 2018 సెప్టెంబరులో ఆంబర్ గైగర్ అనే పోలీసు అధికారిణి డ్యూటీ ముగించుకుని వచ్చి, తన ఫ్లాట్ అనుకుని పై అంతస్తులోని బోథమ్ జీన్ ఫ్లాట్‌లోకి వెళ్లి అతన్ని కాల్చి చంపింది. అతనికి 26 ఏళ్లు, తన ఇంట్లో తాను కూర్చుని ఉన్నాడు. 2019లో జ్యూరీ దాన్ని మర్డర్ అంది. 5 నుంచి 99 ఏళ్ల దాకా ఎంతైనా వేయొచ్చు. 10 ఏళ్లు వేసింది. ఆ పదేళ్లు తక్కువన్నవాళ్లు ఉన్నారు, సరైనవన్నవాళ్లు ఉన్నారు. బోథమ్ తమ్ముడు కోర్టులోనే ఆమెని కౌగలించుకుని క్షమించానన్నాడు. 5కీ 99కీ మధ్య అంత జాగా ఎందుకు వదిలారో నాకు కొంత అర్థమైంది ఆ కేసు చూశాకే. పేరు ఒకటే అయినా ఏ రెండు హత్యలూ ఒకలాంటివి కావని, ఆ తేడా ఊరి మనుషులే చూసి చెప్పాలని ఈ రాష్ట్రం నమ్ముతుంది. నిందితుడు కోరుకుంటే శిక్షని కూడా జ్యూరీ చేత వేయించుకోవచ్చు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఆ వీలు లేదు. అంత జాగా వదిలితే ఏ కౌంటీలో, ఏ పన్నెండు మంది ముందు పడ్డావన్నదే శిక్షని తేలుస్తుందన్న భయం కూడా నాకుంది.

పాత కేసు వెంటే వస్తుంది

ఇదివరకు ఒక ఫెలొనీ రుజువై ఉంటే కొత్త కేసుకి ఒక మెట్టు పైన శిక్ష పడుతుంది, స్టేట్ జైల్ మెట్టుకి లెక్క వేరు. థర్డ్ డిగ్రీకి సెకండ్ డిగ్రీ శిక్ష, సెకండ్‌కి ఫస్ట్. ఫస్ట్ డిగ్రీ అయితే 5 ఏళ్ల కనీసం 15 అవుతుంది. ఒకదాని తర్వాత ఒకటిగా రెండు ఫెలొనీలు ఉంటే మూడోదానికి 25 నుంచి 99 ఏళ్లు లేదా యావజ్జీవం.

ఒకప్పుడు ఇంకా కఠినం. విలియం రమెల్ అనే అతను 1964లో క్రెడిట్ కార్డుతో 80 డాలర్ల మోసం చేశాడు. 1969లో 28 డాలర్ల 36 సెంట్లకి దొంగ చెక్కు రాశాడు. 1973లో ఏసీ బాగుచేస్తానని 120 డాలర్ల 75 సెంట్లు తీసుకుని చేయలేదు. మూడూ కలిపి 230 డాలర్లు కూడా లేవు. మూడో ఫెలొనీ కాబట్టి యావజ్జీవం పడింది. సుప్రీంకోర్టు 1980లో అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు చీలి ఆ శిక్ష రాజ్యాంగ విరుద్ధం కాదని తేల్చింది. పన్నెండేళ్లకి పెరోల్ రావొచ్చు కదా అన్నది వాళ్లు చెప్పిన కారణాల్లో ఒకటి. ఆ తర్వాత అతని లాయరు సరిగ్గా వాదించలేదని ఇంకో దారిన బయటపడ్డాడు. ఇప్పుడు డాలర్ల గీతలు మారాయి. కానీ పాత కేసుని తెచ్చి కొత్తదాని మీద పెట్టి తూచే పద్ధతి అలాగే ఉంది.

వేసిన ఏళ్లు వేరు, లోపల ఉండే ఏళ్లు వేరు. 20 ఏళ్ల శిక్ష ఇద్దరికి పడిందనుకోండి. ఒకడు ఎవరూ లేని ఇంట్లో దొంగతనానికి దూరాడు, ఇంకొకడు తుపాకీ చూపించి దోచుకున్నాడు. మొదటివాడు లోపలున్న రోజులూ, సత్ప్రవర్తనకి కలిపే రోజులూ కలిపి పావు వంతు, అంటే 5 ఏళ్ల లెక్క రాగానే పెరోల్ అడగొచ్చు. రెండోవాడు అచ్చంగా సగం, అంటే 10 ఏళ్లు గడపాలి, సత్ప్రవర్తన రోజులు కలవవు. హత్య, ఆయుధంతో దోపిడీ, అత్యాచారం లాంటి కొన్ని నేరాలకే ఈ సగం నియమం. పాత సెక్షన్ నంబరుని బట్టి లాయర్లు ఇప్పటికీ వీటిని "త్రీజీ" నేరాలంటారు. జ్యూరీకి ఇచ్చే సూచనల్లో ఈ పెరోల్ లెక్క కూడా చెప్తారు.

ఇంకో చట్టం చూసే తీరు

వీసా మీదో గ్రీన్ కార్డు మీదో ఉన్నవాళ్లకి అసలు చిక్కు ఇక్కడుంది. ఇప్పటిదాకా చెప్పిన నిచ్చెన టెక్సస్‌ది. ఇమిగ్రేషన్ చట్టం ఫెడరల్, దాని కొలతలు దానివి.

టెక్సస్‌లో డిఫర్డ్ అడ్జుడికేషన్ అని ఒక వెసులుబాటు ఉంది. నేరం ఒప్పుకుంటే జడ్జి దోషి అని ప్రకటించకుండా వాయిదా వేసి ప్రొబేషన్‌లో పెడతాడు. గడువు బాగా గడిస్తే కేసు కొట్టేస్తారు, టెక్సస్ లెక్కలో శిక్ష పడనట్టే. లాయరు "రికార్డు మీద కన్విక్షన్ ఉండదు" అంటాడు, అది నిజమే. కానీ నేరం ఒప్పుకుని, కోర్టు ఏదో ఒక ఆంక్ష పెడితే చాలు, ఫెడరల్ ఇమిగ్రేషన్ చట్టం దాన్ని కన్విక్షన్‌గానే లెక్కేస్తుంది. జైలు శిక్ష వేసి అమలు ఆపినా, వేసినన్ని నెలలూ పడినట్టే లెక్క.

మెట్ల విలువలు కూడా తలకిందులవుతాయి. 700 డాలర్ల షాప్‌లిఫ్టింగ్ క్లాస్ బి, గరిష్ఠం 180 రోజులు. 800 డాలర్లదైతే క్లాస్ ఎ, గరిష్ఠం ఏడాది. టెక్సస్‌కి రెండూ చిన్న కేసులే. కానీ దేశంలోకి వచ్చిన అయిదేళ్ల లోపు చేసిన నేరానికి, నైతిక పతనం కింద వచ్చే నేరమైతే, ఏడాది శిక్ష పడే వీలు ఉంటే చాలు, దేశం నుంచి పంపేసే కారణం అవుతుంది. దొంగతనం మామూలుగా ఆ కోవలోకే వస్తుంది. ఆ 750 డాలర్ల గీత మీద ఒక స్టూడెంట్ భవిష్యత్తంతా ఆగిపోవచ్చు. అదే దొంగతనానికి నిజంగా ఏడాది శిక్ష వేసి అమలు ఆపితే, టెక్సస్‌లో మిస్‌డెమీనర్ అయినది ఇమిగ్రేషన్ చట్టంలో "అగ్రవేటెడ్ ఫెలొనీ", అంటే తీవ్రమైన నేరం, అయి కూర్చుంటుంది. డ్రగ్స్‌లో అయితే కేసు ఏదైనా పంపేసే కారణమే; సొంతానికి ఉంచుకున్న 30 గ్రాముల లోపు గంజాయి, అదీ ఒక్కసారి, ఆ ఒక్కదానికే మినహాయింపు.

ఇందుకే 2010లో సుప్రీంకోర్టు పడిల్లా కేసులో, ఒప్పుకోలు వల్ల దేశం వదలాల్సి రావొచ్చని క్లయింటుకి చెప్పడం క్రిమినల్ లాయరు బాధ్యతని తీర్పిచ్చింది. లాయరు చెప్పకపోతే మీరే అడగాలి. ఒప్పుకోలు సంతకం లేకుండా, ముందే కొన్ని షరతులు పూర్తిచేస్తే కేసు ఎత్తేసే డైవర్షన్ పథకాలు కొన్ని కౌంటీల్లో ఉన్నాయి. వాటి గురించీ అడగాలి.

మొన్న ఆదివారం రాత్రి ఒకబ్బాయి ఫోన్ చేశాడు, మాస్టర్స్ రెండో సెమిస్టర్. "చిన్న కేసే అన్నా, ప్రొబేషన్ ఇస్తామన్నారు, రికార్డు కూడా క్లీన్ అయిపోతుందట" అన్నాడు. గొంతులో భయం తెలుస్తూనే ఉంది. కాగితం దగ్గరుందా అని అడిగాను. ఉందన్నాడు. నేరం పేరు పక్కన చిన్న అక్షరాల్లో ఒక కోడ్ ఉంటుంది చూడు అన్నాను. ఎం ఎ, ఎం బి అంటే మిస్‌డెమీనర్, ఎఫ్ ఎస్ అంటే స్టేట్ జైల్, ఎఫ్ పక్కన అంకె ఉంటే ఆ డిగ్రీ. కాసేపు కాగితాల చప్పుడు.

"ఎఫ్ త్రీ అని ఉందన్నా."

"డిఫర్డ్ అంటున్నారా?"

"అవునన్నా. బుధవారం సంతకం పెట్టాలి."

పెట్టకు అన్నాను. వాయిదా అడగమని మీ లాయరుకి ఇప్పుడే మెయిల్ పెట్టు, రేపు పొద్దున్నే ఇమిగ్రేషన్ లాయరుని కలిసి ఇదే కాగితం చూపించు, నేనూ వస్తాను, తొమ్మిదింటికి రెడీగా ఉండు అన్నాను.